లిల్లీ చెవితో కొన్న యాంప్లిఫైయర్

భిలాయి మరోదాలో మా తెలుగు క్రైస్తవ సంఘానికి ఆదివారం కొర్నేలి గారి గిటారుతో మొదలవుతుంది. అయ్యగారు ఇంకా వేదిక మీదకి రాకముందే ఈయన కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, గిటారు ఒళ్ళో సర్దుకుని, ఒక్కొక్క తీగా మీటి, తల వంచి విని, మర కొద్దిగా తిప్పి, మళ్ళీ మీటుతారు. ఆ చప్పుడు వినపడగానే బయట చెప్పుల దగ్గర కబుర్లాడుకుంటున్న వాళ్ళు ఒక్కొక్కరే లోపలికి వస్తారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇదే వరస.

ఆయన తండ్రి బొబ్బిలి దగ్గర పల్లె నుంచి భిలాయి ఉక్కు ప్లాంటు కడుతున్న రోజుల్లో వచ్చి, కూలిపనితో మొదలుపెట్టి ఫిట్టరయ్యారు. కొర్నేలి గారు పుట్టింది ప్లాంటు వాళ్ళ సెక్టార్ క్వార్టర్లో, చదివింది హిందీ బడిలో. ఇంట్లో మాత్రం విజయనగరం తెలుగే. ప్లాంటులో అప్రెంటిస్‌గా చేరినప్పుడు హాస్టల్లో విన్సెంట్ అనే అనకాపల్లి ఆయన దగ్గర గిటారు నేర్చుకున్నారు. విన్సెంట్‌కి విశాఖలో ఉద్యోగం దొరికింది. వెళ్ళిపోతూ, రైల్లో ఎవడు మోస్తాడులే అని గిటారు ఈయనకే ఒగ్గేశారు. అది పోయి తర్వాత ఇంకోటి వచ్చింది, అదీ పోయి ఇంకోటి. చేతిలో గిటారు లేని కొర్నేలి గారిని సంఘంలో ఎవరూ చూసి ఉండరు.

ఉద్యోగమంతా ప్లేట్ మిల్లులోనే. ఎర్రగా కాలిన ఇనప దిమ్మలు రోలర్ల కిందికి వెళ్ళి రేకులై బయటికొచ్చే చోటు అది. అక్కడి చప్పుడు చెప్పి తెలియజేసేది కాదు. చెవుల్లో పెట్టుకోవడానికి అందరికీ ప్లగ్గులు ఇచ్చేవారు. కొర్నేలి గారు వాటిని చొక్కా జేబులో భద్రంగా ఉంచుకుని, సేఫ్టీ వాళ్ళు వస్తున్నారంటే తీసి పెట్టుకునేవారు. "సెవులు మూసుకుంటే మిల్లు ఏటి సెప్తందో నాకెలా తెలుస్తాది?" అనేవారు. రోలరు బేరింగు పాడవబోతుంటే చప్పుడుని బట్టి ముందే పసిగట్టగలనని ఆయన నమ్మకం. అది నిజమే కూడానట.

ఆయన రిటైరైన ఏడాదే మా కొత్త హాలు పూర్తయింది. పాత హాలు మధ్య గోడ కొట్టేసి రెండు గదులు కలిపినది. అందులో గిటారుకి మైకు అవసరమే ఉండేది కాదు. కొత్తది పొడవు, కప్పు ఎత్తు, నేలంతా టైల్సు, నెత్తిన పెద్ద పెద్ద ఫ్యాన్లు. పిల్లలు కీబోర్డు తెచ్చారు, డ్రమ్స్ తెచ్చారు. మొదటి ఆదివారం కీర్తన ఎత్తుకుంటే కొర్నేలి గారి వేళ్ళు కదలడం కనపడింది గాని చప్పుడు మాత్రం మూడో వరస దాటలేదు. ఎదురుగా మైకు పెట్టి చూశారు. ఆయన పాటలో పడి కాస్త అటూ ఇటూ ఊగితే గిటారు వచ్చిపోయేది.

హాల్లో సౌండు చూసేది మార్టిన్. భిలాయి-3లో రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేస్తాడు. చిన్నప్పుడు కొర్నేలి గారి దగ్గరే గిటారు పట్టుకోవడం నేర్చుకున్నవాడు. గిటారు మధ్యనున్న రంధ్రం దగ్గర తీగల చప్పుడు పట్టే పికప్ ఒకటి బిగించి, దాని వైరు తెచ్చి హాలు సౌండు మిక్సర్‌కి కలిపాడు. చప్పుడు పెద్దదైంది. అయినా కొర్నేలి గారికి నచ్చలేదు.

"ఇది నా గిటారు కాదురా మార్టినూ. ఎవడో పక్కగదిలో దుప్పటి కప్పుకుని వాయిస్తన్నట్టుంది. కొంచెం పదును పెంచు."

"పెంచినాను బాబాయ్."

"ఇంకొంచెం పెంచు."

మార్టిన్ తల ఊపి మిక్సర్ మీద ఏదో తిప్పినట్టు చేశాడు.

ఎవరి దగ్గరో ఉన్న ఎలక్ట్రిక్ గిటారు యాంప్లిఫైయర్ ఒకటి తెచ్చి అదీ ప్రయత్నించారు. గిటారు గొంతు బొంగురుపోయింది. గట్టిగా మీటితే గురగురమంది. "ఆ యాంప్ దాని గొంతు కూడా కలిపేస్తాది బాబాయ్. ఎలక్ట్రిక్ గిటారుకి సొంత గొంతుండదు కాబట్టి సరిపోద్ది. నీదానికి గొంతుంది. దాన్ని మార్చకుండా పెద్దది సేసీది కావాల. అకౌస్టిక్ గిటారుకని వేరే యాంప్లిఫైయర్లు ఉంటాయి," అన్నాడు మార్టిన్.

ఆ మాటతో కొర్నేలి గారికి పని దొరికింది. పొద్దున్న టీ తాగి, వరండాలో కూర్చుని, ఫోన్లో వీడియోలు చూడడం మొదలుపెట్టారు. హిందీలో చెప్పేవాళ్ళవి, ఇంగ్లీషులో చెప్పేవాళ్ళవి అన్నీ చూశారు. ఫోను పూర్తి వాల్యూమ్‌లో మోగుతుంటే వంటింట్లో ఉన్న లిల్లీ గారికి కూడా ఎంత హాలుకి ఎన్ని వాట్లు సరిపోతాయో, గిటారుకీ మైకుకీ వేర్వేరు ఛానళ్ళు ఎందుకో నోటికొచ్చేసింది. పక్కింటివాళ్ళకి కూడా వచ్చే ఉంటుంది.

లిల్లీ గారిది పాలకొండ. పెళ్ళై వచ్చినప్పటి నుంచీ సంఘంలో కోయిర్ ఆవిడదే. మనిషి మెత్తన, మాట గట్టి. వాళ్ళకి ఒక్కతే కూతురు షీబా. స్మృతి నగర్‌లో ఉంటుంది, బ్యాంకులో పని. ఆమెకి తెలుగు కంటే హిందీయే తేలిగ్గా వస్తుంది. తండ్రి ముచ్చట చూసి, "ఫోన్లో చూస్తే ఏం తెలుస్తుంది నాన్నా? చలో, శనివారం రాయ్‌పుర్ వెళ్దాం. నీ గిటారు తీసుకురా, పెట్టి చూసుకో," అంది.

రాయ్‌పుర్‌లో ఆ దుకాణం ఒక బజారు మెట్లెక్కితే మేడ మీద ఉంటుంది. నడిపేది విక్రమ్ అనే కుర్రాడు, తనూ గిటారు వాయిస్తాడు. కొర్నేలి గారు సొంత గిటారుతో రావడం చూసి సంతోషించాడు. దుకాణంలోది వాయిస్తే యాంప్లిఫైయర్ గురించి ఏమీ తెలియదు, మీది తెచ్చి మంచి పని చేశారు అంకుల్ అన్నాడు హిందీలో. మూడు పెట్టెలు తెచ్చి వరసగా పెట్టాడు. ఒకటి చిన్నది, బ్యాటరీతో నడిచేది, వీధుల్లో వాయించుకునే వాళ్ళకి. ఒకటి నడితరహాది, గోధుమరంగు గుడ్డ తొడిగినది. మూడోది పెద్దది, నల్లగా ట్రంకు పెట్టెలా ఉంది.

కొర్నేలి గారు పెద్దదాని ముందే కూర్చున్నారు. వైరు పెట్టి, ఒక పాత కీర్తన వరస వాయించారు. తల అడ్డంగా ఊపి, పదును పెంచే ట్రెబుల్ మరని కుడివైపుకి తిప్పారు. మళ్ళీ వాయించారు. మళ్ళీ తిప్పారు.

"అంకుల్, థోడా జ్యాదా హో రహా హై," కొంచెం ఎక్కువవుతోందని అన్నాడు విక్రమ్ మర్యాదగా.

"లేదు బాబూ, ఇప్పుడిప్పుడే గిటారులాగ ఇన్పిస్తంది," అని తెలుగులోనే అనేసి, మరని చివరిదాకా తిప్పారు. ఆయన మొహం విచ్చుకుంది. షీబా వైపు తిరిగి, "సూసినావా? ఇదీ నా గిటారు," అన్నారు.

షీబా ఇబ్బందిగా చూసింది. "నాన్నా, బహుత్ తేజ్ ఉంది. చెవులు నొప్పెడుతున్నాయి."

"నీకు గిటారంటే తెల్దు."

ఆయన పాడుతూ వాయిస్తారు కాబట్టి మైకు కూడా పెట్టి చూస్తానన్నారు. విక్రమ్ మైకు స్టాండు తెచ్చి ఇంకో ఛానల్లో కలిపాడు. కొర్నేలి గారు దాన్ని తన ఎత్తుకి వంచుకోబోయారు. ఆ వంచడంలో మైకు నోరు యాంప్లిఫైయర్ వైపుకి తిరిగింది.

తర్వాత జరిగింది షీబా నాకు చెప్పింది. పెట్టెలోంచి సన్నటి కీచు ఈల ఒకటి లేచింది. సూదిలా చెవిలోకి దిగిపోయింది. కీబోర్డు చూసుకుంటున్న ఇద్దరమ్మాయిలు చెవులు మూసుకున్నారు. తల్లి చంకలో ఉన్న పసిపిల్ల గుక్కపట్టి ఏడ్చింది. విక్రమ్ కౌంటరు మీంచి వంగి స్విచ్చు కోసం తడుముకుంటున్నాడు. షీబా రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని తండ్రి వైపు చూసింది.

కొర్నేలి గారు మైకు ఎత్తు సరిచేసుకుంటున్నారు. తీరిగ్గా, కాస్త నవ్వుమొహంతో, స్టాండు మర బిగిస్తున్నారు. బిగించి తలెత్తి, పాడదామని నోరు తెరిచి, ఎదురుగా జనాన్ని చూశారు. చెవులు మూసుకున్న వాళ్ళని, ఏడుస్తున్న పిల్లని, తన కూతుర్ని. నోరు అలాగే ఉండిపోయింది.

విక్రమ్ స్విచ్చు ఆపేశాడు. అందరూ చేతులు దించారు.

"ఏటైంది?" అన్నారు కొర్నేలి గారు.

విక్రమ్ షీబా వైపు చూశాడు.

"షీబా, ఏటైందే?"

"విజిల్ వచ్చింది నాన్నా. మైకు వల్ల." ఆమె గొంతు తగ్గించింది. "నీకు వినపడలేదా?"

ఆయన పెట్టె వైపు చూశారు, మైకు వైపు చూశారు. గిటారు మీద అరచెయ్యి ఆనించారు. తర్వాత వైరు పీకి, చుట్టి, విక్రమ్ చేతికిచ్చారు. "మళ్ళీ వస్తాను భయ్యా," అన్నారు హిందీలో. మెట్లు దిగి కారులో కూర్చున్నారు. దారిలో కుమ్హారీ ఊరు దాటాక షీబా రేడియో పెట్టబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టారు.

ఇంటికొచ్చి గిటారు సంచీలో పెట్టి బీరువా మీదకి ఎక్కించారు. ఆ సాయంత్రం కోయిర్ ప్రాక్టీసుకి రాలేదు. ఆదివారం ఆరాధనకి వచ్చారు గాని వెనక వరసలో కూర్చున్నారు. కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. అడిగిన వాళ్ళకి చెయ్యి నొప్పన్నారు. ఆరాధన అయ్యాక, వైర్లు చుట్టుకుంటున్న మార్టిన్ దగ్గరికి వెళ్ళారు.

"నిజం సెప్పు. నా గిటారు నువ్వు తగ్గించీవోడివా?"

మార్టిన్ వైరు చుట్టడం ఆపాడు. "వాల్యూమ్ కాదు బాబాయ్. పదును తగ్గించీవోణ్ణి. ముందు వరసలో ఆడోళ్ళు తలనొప్పని అనీవోరు."

"నేను పెంచమన్నప్పుడు?"

"పెంచినట్టు సేసీవోణ్ణి."

"ఎన్నాళ్ళ బట్టి?"

"కొత్త హాలుకొచ్చిన కాడినుంచీ."

"మరి నాకు సెప్పొచ్చు కదరా."

"నాకు గిటారు పట్టుకోడం నేర్పిందే నువ్వు. నీకు ఇన్పించట్లేదని నేనెలా సెప్తాను?" మార్టిన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొర్నేలి గారు అతని భుజం మీద చెయ్యి వేసి, బయటికొచ్చేశారు. కోపం కంటే సిగ్గే ఎక్కువ అనిపించిందని తర్వాత ఆయనే చెప్పారు. ఇన్నాళ్ళూ అందరూ కలిసి తనని పసివాణ్ణి సాకినట్టు సాకారని.

ఇంట్లో లిల్లీ గారు చిక్కుడుకాయలు తుంచుతున్నారు. ఆయన వచ్చి ఎదురుగా పీట మీద కూర్చున్నారు.

"లిల్లీ, నాకు సెవుడా?"

ఆవిడ చేతులు ఆగాయి. "పూర్తిగా కాదు."

"నీకు తెలుసా?"

"కుక్కరు కూత ఇన్పించడం మానేసి ఏళ్ళైంది మీకు. నేను వెనకాల నుంచి పిలిస్తే పలకరు. అందుకే ఎదరకొచ్చి మాట్లాడతాను. మీరెప్పుడూ గమనించనేదు."

"తెలిసీ సెప్పలేదే."

"మొదట్లో నాకూ తెల్దండి. మిల్లులో పనిచేసీవోళ్ళ ఇళ్ళన్నీ ఇలగే ఉంటాయి. ఈ లైన్లో ఎవరింట్లో గట్టిగా మాట్లాడరు సెప్పండి? మన రోజుల్లో అది రోగమని ఎవరనుకున్నారు? తర్వాత తెలిసింది గాని…" ఆవిడ చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పెట్టారు. "గిటారు వాయించినంతసేపూ మీరు బాగుండీవోరు. ఆ సంతోషం నా నోటితో తియ్యాలనిపించలేదు."

"దుకాణంలో పసిపిల్ల ఏడ్చిందే. నేను నవ్వుతా నిల్చున్నాను."

లిల్లీ గారు చేట పక్కకి జరిపి ఆయన చెయ్యి పట్టుకున్నారు. "షీబా సెప్పింది," అన్నారు. ఆ పూట కూర వండలేదు. పచ్చడితో తినేశారు.

పరీక్షకి వెళ్దామని షీబా అంటే ఆయన చాలాసార్లు రేపు మాపు అన్నారు. చివరికి లిల్లీ గారు చీర మార్చుకుని గుమ్మంలో నిలబడితే లేచారు. దుర్గ్‌లో ఒక క్లినిక్‌లో అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. బయట నుంచి చూస్తున్న షీబాకి మొదట ఆయన బొటనవేలు చకచకా కదలడం కనపడింది. తర్వాత తర్వాత ఆ వేలు మీట మీద అలాగే ఉండిపోయింది. ఆయన కళ్ళు మాత్రం గాజుకి ఇవతల పరీక్ష చేస్తున్న అమ్మాయి మొహంలో ఏదైనా తెలుస్తుందేమోనని వెతుకుతున్నాయి.

పరీక్ష చేసిన అమ్మాయి కాగితం మీద గీత చూపించింది. లావు చప్పుళ్ళు బాగా వినపడుతున్నాయి. సన్నవాటి దగ్గరికి వచ్చేసరికి గీత మెట్లు దిగినట్టు కిందికి పడిపోయింది. పోయింది తిరిగి రాదనీ, ఉన్నదానికి చెవిమిషను సాయం చేస్తుందనీ, ఇక చప్పుడున్న చోటికి చెవులు కాపాడుకోకుండా వెళ్ళొద్దనీ చెప్పింది. "జేబులో పెట్టుకుని తిరిగినాను," అన్నారు కొర్నేలి గారు తెలుగులో. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. ఆయన ఇంకోసారి చెప్పలేదు.

చెవిమిషన్లు వచ్చాయి. మొదటి వారం ఆయనకి నరకం. కాగితం నలిగితే ఉలిక్కిపడేవారు. ప్లేటు మీద చెంచా పెడితే లిల్లీ గారి వైపు కోపంగా చూసేవారు. ధైర్యం చేసి బీరువా మీంచి గిటారు దింపి వాయించుకుంటే ఇంకా బాధ. తీగల బదులు చెంచాలు కట్టినట్టుందన్నారు. మళ్ళీ దుర్గ్ వెళ్తే, మాటకి వేరు, పాటకి వేరు అని ఆ అమ్మాయి మిషన్లో ఇంకో రకం సర్దుబాటు పెట్టి ఇచ్చింది. అది కాస్త నయం. అయినా ఆయన మనసులో ఉన్న గిటారు అది కాదు.

"ఏది నా గిటారో నాకే తెలీకుండా పోయింది," అన్నారు ఒక సాయంత్రం. "మిషను పెడితే ఒకలాగ, తీస్తే ఒకలాగ. ఇంక యాంప్లిఫైయర్ ఏటి సూసి కొంటాను?"

"నాకు తెలుసు కదా," అన్నారు లిల్లీ గారు.

"ఏటి?"

"మీ గిటారు ఎలాగుంటాదో నాకు తెలుసు. మనకి పెళ్ళైన కొత్తలో క్వార్టర్ వరండాలో కూకుని వాయించీవోరు. నేను గుమ్మంలో కూకుని బియ్యం ఏరీదాన్ని. షీబాని ఒళ్ళో పెట్టుకుని ఇన్నాను. అన్నేళ్ళు ఇన్నదాన్ని, మర్చిపోతానా? ఈసారి నన్ను తీసుకెళ్ళండి."

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ఆ దుకాణం మెట్లు మళ్ళీ ఎక్కాలంటే మొహం చెల్లలేదు. ఆవిడ ఊరుకోలేదు. "ఆ పిల్లోడు మిమ్మల్ని ఏటీ అననేదు కదా. మళ్ళీ వస్తానని సెప్పి వచ్చినారు. ఎళ్ళకపోతే బాగోదు," అన్నారు.

వెళ్ళారు. విక్రమ్ గుర్తుపట్టి కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. కొర్నేలి గారు చెవి దగ్గర వేలు పెట్టి మిషను చూపించి, "ఉస్ దిన్ సునాయీ నహీఁ దియా థా, బేటా," అన్నారు. ఆ రోజు వినపడలేదు అని ఒక కొత్తవాడితో తన నోటితో తాను చెప్పడం అదే మొదటిసారి. విక్రమ్ తన తాతగారూ ప్లాంటులోనే చేశారనీ, ఆయనతో ఇంట్లో అందరూ అరిచి మాట్లాడేవాళ్ళనీ చెప్పాడు. కొర్నేలి గారికి కాస్త ఊపిరాడింది.

ఈసారి మరలు తిప్పే పని విక్రమ్‌ది. వాయించే పని కొర్నేలి గారిది. లిల్లీ గారు హాల్లో జనం కూర్చునేంత దూరంలో, తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నారు.

ముందు చిన్నది. క్రిస్మస్ క్యారల్స్‌కి ఇల్లిల్లూ తిరిగేటప్పుడు మోసుకెళ్ళడానికి బాగుంటుందని కొర్నేలి గారికి దాని మీద ఆశ. లిల్లీ గారు కాసేపు విని తల అడ్డంగా ఊపారు. "డబ్బాలోంచి వస్తన్నట్టుంది. క్యారల్స్‌కి ఎలాగూ పిల్లలందరూ గొంతెత్తి పాడతారు, మీ చేత్తో వాయించింది సాలు."

తర్వాత పెద్ద నల్లది. చాలాసేపు విన్నారు. "బాగుంది. గానీ ఎవరో గొప్పోళ్ళ గిటారులాగుంది. మీది కాదు."

"గొప్పగుంటే మంచిదే కదే."

"మీది కావాలనే కదా ఇంత దూరం వచ్చింది."

గోధుమరంగు పెట్టె దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కళ్ళు మూసుకున్నారు. కొర్నేలి గారు నెమ్మదిగా వాయిస్తున్నారు, చూపు ఆవిడ మొహం మీంచి తియ్యకుండా. విక్రమ్ ట్రెబుల్ తగ్గిస్తూ వచ్చాడు. ఆవిడ చెయ్యెత్తారు. "ఆగు బాబూ. కొంచెం ఎనక్కి." విక్రమ్‌కి భాష రాకపోయినా చెయ్యి అర్థమైంది. "ఇంకొంచెం… అదీ. ఇంక ముట్టుకోకు."

మర సగానికి కూడా లేదు. కొర్నేలి గారు వాయించడం ఆపి దాని వైపు చూశారు.

"లిల్లీ, ఇలగైతే నాకు సగమే ఇన్పిస్తంది."

"మిగతాది నాకు ఇన్పిస్తంది," అన్నారావిడ కళ్ళు తెరిచి. "వాయించండి. ఆపేసినారేటి?"

ఆయన మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి పెట్టెకి మోకాలు ఆనించారు. లావు తీగల కదలిక మోకాలికి తెలుస్తోంది. పాట పూర్తయ్యేదాకా వాయించారు. షీబా ఫోన్లో ఏదో చూసుకుంటున్నట్టు తల దించుకుంది.

ఇంత పెట్టె మా హాలుకి చాలుతుందా అని ఆయన అడిగితే విక్రమ్ దాని వెనకవైపు చూపించాడు. అక్కడున్న రంధ్రంలో వైరు పెడితే ఇదే చప్పుడు హాలు మిక్సర్‌కి వెళ్తుంది, పెద్ద స్పీకర్లు దూరం వాళ్ళకి వినిపిస్తాయి, ఇది దగ్గరి వాళ్ళకి చాలు అన్నాడు. వీడియోల్లో అది ఎప్పుడో విన్నానని లిల్లీ గారు అనేసరికి అందరూ నవ్వారు. కారు వెనక సీట్లో పెట్టెకి బెల్టు కట్టి తీసుకొచ్చారు.

మరుసటి ఆదివారం ఆరాధన మొదలవ్వక ముందే కొర్నేలి గారు మైకు అడిగి పుచ్చుకున్నారు. ఎక్కువేమీ మాట్లాడలేదు. "నా సెవులు కొంత పోయినాయి. మీలో శానామందికి నాకంటే ముందే తెలుసు. ఇక నుంచి గిటారు ఎక్కువైతే నాకే సెప్పండి, మార్టిన్ని ఇబ్బంది పెట్టకండి," అని, మైకు ఇచ్చేసి, కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నారు. గోధుమరంగు పెట్టె కుర్చీ పక్కనే ఉంది. ట్రెబుల్ మర ఎంతవరకు తిప్పాలో తెలిసేలా లిల్లీ గారు గోళ్ళరంగుతో చుక్క పెట్టారు.

నా మటుకు నాకు ఆ రోజు గిటారు బాగా వినిపించింది. వెనక వరసలో గోవిందరావు గారని రైల్వేలో ఇంజను నడిపి రిటైరైన పెద్దాయన ఒకరు కూర్చుంటారు. భార్య మా సంఘం మనిషి, ఆయన ఆవిడ వెంట వచ్చి కూర్చుంటారంతే. "ఏటి, ఈయన ఇయాళ అంత మెల్లగా వాయిస్తన్నాడు?" అని ఆయన పక్కవాళ్ళని గట్టిగా అడిగారు. ఆ మాట హాలంతా వినపడింది. కొర్నేలి గారికీ వినపడింది. ఆరాధన అయ్యాక నేరుగా గోవిందరావు గారి దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. తనకేం లేదని, తన చెవులు భేషుగ్గా ఉన్నాయని ఆయన వాదించారు. ఆ వాదన ఇద్దరూ ఎంత పెద్ద గొంతులతో సాగించారో గేటు దాకా వినిపించింది. చివరికి ఆ వారంలోనే ఇద్దరూ కలిసి దుర్గ్ వెళ్ళారు. ప్లేట్ మిల్లులో తనతో చేసిన ఇంకో ఇద్దరినీ కొర్నేలి గారు అలాగే తీసుకెళ్ళారు. అందులో ఒకాయన దారిలో దిగిపోయారు. ఆయన్ని ఒప్పించడానికి ఈయన ఇంకా తిరుగుతూనే ఉన్నారు.

ఇప్పుడు వాయిస్తున్నంతసేపూ ఆయన చూపు కోయిర్‌లో ఉన్న లిల్లీ గారి మీద ఉంటుంది. మిల్లులో క్రేను వాళ్ళకి కింద నుంచి చేసే సైగలు ఆవిడకి నేర్పారు. అరచెయ్యి కిందికైతే తగ్గించు, వేలు తిరిగితే కొంచెం పెంచు, పిడికిలి బిగిస్తే ఆపు. చూసేవాళ్ళకి మొదట్లో వింతగా ఉండేది, ఇప్పుడు అలవాటైపోయింది. అన్ని రోజులూ బాగుండవు. చెవుల్లో రొద ఎక్కువై మిషన్లు తీసి పెట్టేసే రోజులున్నాయి. అప్పుడు ఎవరు పలకరించినా విసుక్కుంటారు. లిల్లీ గారు ఆ పూట ఆయన్ని వదిలేస్తారు.

పోయిన ఆదివారం ఒక కీర్తనకి గిటారు మెడకి పెట్టే శ్రుతి మార్చే క్లిప్పు తప్పు మెట్టు మీద పెట్టుకుని ఎత్తుకున్నారు. కోయిర్ ఒక శ్రుతిలో, గిటారు ఒక శ్రుతిలో అయింది. లిల్లీ గారు పిడికిలి బిగించారు. ఆయన టక్కున ఆపి, మైకు దగ్గరికి వంగి, "నాదే తప్పండీ, మళ్ళీ ఎత్తుకుందాం," అన్నారు. ముందు వరసలో పిల్లలు నవ్వారు, ఆయనా నవ్వారు. క్లిప్పు తీసి సరైన చోట పెట్టుకుని, తీగలన్నీ ఒకసారి మీటి, లిల్లీ గారి వైపు చూశారు. ఆవిడ తల ఊపారు. మేమంతా అందుకున్నాం.